కోట పడకముందే వచ్చిన పాపయ్య

బొబ్బిలి కోట పడింది 1757 జనవరి 24న. విజయనగరం పూసపాటి విజయరామరాజు తన డేరాలో కత్తిపోట్లకి హతుడైంది ఆ తర్వాత మూడో రాత్రి. ముందు కోట, తర్వాత డేరా. ఈ వరస మా ఊళ్ళో బడి మొహం చూడని పిల్లాడికి కూడా తెలుసు. అలాంటి ఊళ్ళో, నిండిన హాల్లో, ఒక సెకండ్ షోలో నేను ఆ వరస తిరగేశాను.

నేను సినిమా ఆపరేటర్ని. ముప్పయ్యేళ్ళ పైచిలుకు కేబిన్‌లోనే గడిచింది. ఆ రాత్రికి హెల్పర్ నుంచి ఆపరేటరై ఏడాది కూడా కాలేదు. 1964లో వచ్చిన ‘బొబ్బిలి యుద్ధం’ మా వైపు హాళ్ళలో మళ్ళీ మళ్ళీ వేసేవాళ్ళు. సంక్రాంతి వెళ్ళాక వేస్తే, పదిసార్లు చూసినవాళ్ళు కూడా పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవాళ్ళు. ఆ రోజు రీళ్ళ పెట్టెలు బస్సు మీద ఆలస్యంగా దిగాయి. రెండేసి రీళ్ళు కలిపి ఒక్కో స్పూలుకి చుట్టుకోవాలి, కార్బన్ కడ్డీలు మార్చుకోవాలి, కింద ఈలలు మొదలయ్యాయి. ఒక డబ్బా మీద నంబరు కాగితం చిరిగిపోయి ఉంది. ఫిల్ము కొసని దీపానికి ఎదురుగా పట్టి నంబరు చూసుకోవలసింది. చూసుకోలేదు. యుద్ధం రీలు ఎక్కవలసిన మెషిను మీదకి డేరా రీలు ఎక్కింది.

తెర మీద తాండ్ర పాపారాయుడిగా, మా ఊరి నోట పాపయ్యగా, ఎస్వీ రంగారావు డేరాలోకి అడుగు పెట్టారు. మామూలుగా ఆ అడుగుకి హాలు పైకప్పు లేచిపోయేది. ఆ రాత్రి చప్పుడే లేదు. కేబిన్ కిటికీలోంచి తొంగి చూశాను. నేల టికెట్ వైపు నుంచి ఒక గొంతు లేచింది: “కోట పడకుండా పాపయ్యెలా వొచ్చీసినాడ్రా?” ఆ తర్వాత ఇంకేమీ వినపడలేదు, అంతా ఒకటే గోల. మెషిను ఆపి, లైట్లు వేయించి, రీలు మార్చి, మళ్ళీ కోట దగ్గర నుంచి మొదలుపెట్టేసరికి నా చొక్కా తడిసిపోయింది.

ఆట అయ్యాక తలుపులు వేస్తుంటే ఒక ముసలాయన మెట్లెక్కి వచ్చాడు. వయసులో ఉండగా బుర్రకథ దళంలో వంత పాడేవాడట. తిట్టడానికి వచ్చాడనుకున్నాను. కడ్డీల డబ్బా మీద కూర్చుని బీడీ ముట్టించబోయాడు, ఫిల్ము అంటుకుంటుందని చెబితే మళ్ళీ మొలలో దోపుకున్నాడు.

“రీలు తప్పితే మార్చీసినావు బావూ, అదేటంత తప్పు కాదు. మరి పాపయ్య ఒక్కడే ఎల్లాడేటి డేరాలోకి? ఎవుణ్ణడిగినా పాపయ్యంతాడు. దేవులపల్లి పెద్దన్న, బుద్దరాజు వెంకయ్య, ఆలిద్దర్నీ ఎక్కడొగ్గీసినారు?”

ఆ రెండు పేర్లు నేను వినడం అదే మొదలు. బొబ్బిలిలో పుట్టాను, వేగావతిలో ఈతలు కొట్టాను, ఆ సినిమా అప్పటికి ఎన్నిసార్లు ఆడించానో లెక్కలేదు. అయినా విననే లేదు. ఆ రాత్రి నుంచి ఆ సినిమాని చూసే తీరు మారిపోయింది. ఒక కన్ను ఫోకస్ మీద ఉండేది, రెండోది కథ మీద.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. 1753లో హైదరాబాద్ నవాబు సలాబత్ జంగ్ ఉత్తర సర్కారుల్ని ఫ్రెంచివాళ్ళకి రాసిచ్చాడు, వాళ్ళ సైన్యం ఖర్చుకని. శ్రీకాకుళం నుంచి కొండపల్లి దాకా వాళ్ళ పెత్తనం. వాళ్ళ సేనాని బుస్సీ. ఆయన దివాను హైదర్ జంగ్. విజయనగరం రాజు వాళ్ళతో పొత్తు కుదుర్చుకున్నాడు. పక్కనే ఉన్న బొబ్బిలి వెలమ దొర గోపాలకృష్ణ రంగారావు లొంగలేదు. ఊరు వదిలి వేరే చోట భూములు తీసుకోమంటే పోనన్నాడు. ఫిరంగులొచ్చాయి. రంగారావు బావమరిది తాండ్ర పాపారాయుడు ఆ సమయానికి రాజాంలో ఉన్నాడు. కబురు అంది ఆయన వచ్చేసరికి ఇక్కడ బూడిదే మిగిలిందని మావాళ్ళు చెబుతారు. పగకి మొదలేమిటంటే ఊళ్ళో కోడిపందెం అంటారు, పుస్తకంలో ఏటి నీళ్ళ తగాదా అని ఉంటుంది. నేను పొలాల మధ్య పెరిగినవాణ్ణి కనక నీళ్ళనే నమ్ముతాను. పందెంలో పోయిన కోడిని మరుసటి ఏడు మరిచిపోతారు. పై గట్టువాడు మడవ కట్టేస్తే మూడు తరాలు మరిచిపోరు.

పుస్తకం అన్నది రాబర్ట్ ఆర్మ్ రాసినది. ఈస్టిండియా కంపెనీ మనిషి, మద్రాసులో పనిచేశాడు. హిందూదేశంలో ఇంగ్లీషువాళ్ళ యుద్ధాల గురించి ఆయన రాసిన చరిత్ర రెండో సంపుటం 1778లో లండన్‌లో అచ్చయింది. అంటే యుద్ధం జరిగిన ఇరవయ్యొక్కేళ్ళకి. మాకు తెలిసిన ఒక లెక్చరరు గారు ఆ పేజీలు నకలు తెచ్చి, మా అరుగు మీద కూర్చుని రెండు సాయంత్రాలు నాకు తెలుగులో చెప్పారు. రెండో సాయంత్రం మా ఆవిడ వంట కూడా మానేసి గడప మీద కూర్చుండిపోయింది.

అందులో మొదట నన్ను తాకింది మట్టి. బొబ్బిలి కోట మట్టి కోట. మన్ను తొక్కి, తడిపి, పొర మీద పొర వేసి కట్టిన గోడలు, మూలమూలకీ బురుజులు, చుట్టూ వెదురు డొంక. సినిమా చూసొచ్చిన మా ఈడు పిల్లలం పలక మీద కోట బొమ్మ వేస్తే రాళ్ళ వరసలు గీసేవాళ్ళం. ఇప్పటి పిల్లలూ అలాగే గీస్తారు. రాతి కోట అయితే గొప్ప, మట్టి అయితే చిన్నతనం అనుకుంటారేమో. మట్టి గోడ సంగతి మా వైపు ఇళ్ళు కట్టినవాళ్ళకి తెలుసు. గడ్డపార దిగుతుంది గానీ గోడ పగలదు. రాయి దెబ్బకి చిట్లుతుంది, మన్ను గుండుని మింగేస్తుంది. ఆ మట్టి గోడల వెనక నుంచి, ఫ్రెంచి ఫిరంగుల్ని వీళ్ళు పొద్దుటి నుంచి నిలువరించారు. ఫిరంగులు పడగొట్టిన గండి దగ్గర ఒంటితో అడ్డం నిలబడ్డారు. ఇందులో చిన్నతనం ఎక్కడుంది?

రెండోది భాష. మన సినిమాల్లో దొర అంటే ముద్దముద్ద తెలుగు మాట్లాడాలి. ముక్కామల గారు బుస్సీగా నిండుగా ఉన్నారు, ఆ నటన మీద నాకు వంక లేదు. కానీ దొరకి తెలుగు వచ్చేసిందంటే కథలో ఒక మనిషి అవసరం తగ్గిపోతాడు. ఆ మనిషి దుబాసీ. బుస్సీకి ఈ దేశం మాటలు మధ్యవాళ్ళ నోటి గుండానే చేరాయి. ఆ మధ్యవాళ్ళలో పెద్ద హైదర్ జంగ్. అసలు పేరు అబ్దుల్ రహమాన్, ఫ్రెంచి నేర్చినవాడు. రంగారావు ఏమన్నాడో బుస్సీకి తెలిసింది ఆయన చెప్పినంతే. ఆయనేమో విజయనగరం వైపు మొగ్గి ఉన్నాడు. సినిమాలో కుట్ర ఉంది, కుట్రదారులున్నారు. కానీ ఎదురెదురుగా నిలబడిన ఇద్దరు ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండా చావుకి దిగారన్నది తెర మీద కనిపించడం కష్టం. ఇద్దరూ తెలుగే మాట్లాడుతుంటే ఎలా కనిపిస్తుంది? నేను సినిమాల్లో చూసిన తప్పుల్లో దుస్తుల తప్పులు, తుపాకుల తప్పులు చిన్నవి. ఇది పెద్దది. యుద్ధానికి కారణమే మాయమైపోయే తప్పు.

ఇలాంటి తప్పులో నాకూ చెయ్యి ఉంది. ఎనిమిదో క్లాసులో బడి వార్షికోత్సవానికి బొబ్బిలి యుద్ధం నాటకం వేశాం. బుస్సీ పక్కన పట్టుకోవడానికి ఫ్రెంచి జెండా కావాలి. అట్లాసు చూసి పాత పంచె మీద నీలం, తెలుపు, ఎరుపు నిలువు పట్టీలు నేనే వేశాను. బుస్సీ వేషం కట్టిన కుర్రాడు ‘మా ఫ్రెంచి రిపబ్లిక్కుకి ఎదురు తిరుగుతావా’ అని గర్జించాడు. మేష్టర్లతో సహా అందరూ చప్పట్లు కొట్టారు. నలభై ఏళ్ళయ్యాక తెలిసింది, 1757లో ఆ మూడు రంగుల జెండా పుట్టలేదు, రిపబ్లిక్ అసలే లేదు. ఆ జెండా 1794లో వచ్చింది. బొబ్బిలి నాటికి ఫ్రాన్సులో పదిహేనో లూయీ రాజు, ఆ సైన్యాలది తెల్ల జెండా. ఇంకో సంగతి తెలిసి ఒళ్ళు జలదరించింది. ఆ ఏడు జనవరి 5న వర్సాయిలో దమియాఁ అనే మనిషి చిన్న కత్తితో లూయీని పొడిచాడు. రాజు బతికాడు. నెల తిరక్కుండా ఆ రాజు సైన్యం ఉన్న చోటే ఇంకో రాజు డేరాలోకి ఇంకో రెండు కత్తులు దూరాయి. ఓడల మీద కబుర్లు నెలల తరబడి నడిచే కాలం కదా, వర్సాయి సంగతి బుస్సీకి ఆ రాత్రి తెలిసే అవకాశమే లేదు.

కోటలో ఆడవాళ్ళ సంగతి రాయాలంటే చెయ్యి ఆడదు. తెర మీద మల్లమ్మదేవిగా భానుమతి గారు ఒక్కరే మనకి గుర్తుండిపోయారు. వేణుగోపాలుడికి ఆమె పాడే పాటకి మా హాల్లో ముసలమ్మలు చేతులు జోడించేవాళ్ళు. బొబ్బిలి రాజుల ఇలవేల్పు వేణుగోపాలస్వామే, సినిమా ఆ ముక్క సరిగ్గా పట్టుకుంది. కానీ ఆర్మ్ రాసింది వేరు. కోట ఇక నిలవదని తేలాక రంగారావు మనుషులే ఒక చేత్తో కాగడా, ఇంకో చేత్తో బల్లెం పట్టుకుని ఇళ్ళకి నిప్పు పెట్టారనీ, బయటికొచ్చిన తల్లుల్నీ పిల్లల్నీ పొడిచారనీ, ఆ తర్వాత మళ్ళీ గోడల మీదకి వెళ్ళి చచ్చేదాకా పోరాడారనీ. శత్రువు చేతికి చిక్కనివ్వకూడదన్న పంతం అది. సినిమాలో ఇది ఒక రాణి త్యాగంగా మనసులో నిలుస్తుంది. ఆ ఆడవాళ్ళని అడిగినవాళ్ళు లేరు, వాళ్ళు ఒప్పుకున్నారో లేదో చెప్పినవాళ్ళూ లేరు. లెక్చరరు గారు ఈ భాగం చదువుతుంటే మా ఆవిడ “చంటి పిల్లల్ని కూడానా?” అని ఒక్కటే అడిగింది. ఆయన అవునన్నట్టు తలూపారు. ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఒక్క పిల్లాడు మిగిలాడు. చప్పుడంతా ఆగాక ఒక ముసలి మనిషి రంగారావు కొడుకుని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి లా అనే ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. తండ్రి మాట కాదని కాపాడానన్నాడు. ఆ పిల్లాడే చిన రంగారావు. బొబ్బిలి ఆయన చేతికి మళ్ళీ రావడానికి 1794 దాకా పట్టింది.

ఇక డేరా. ఆర్మ్ పుస్తకంలో పాపారాయుడు లేడు. రంగారావు నేలకొరగడం చూసిన నలుగురు సిపాయిలు ఉన్నారు. చీకటి పడేదాకా కోటలో ఒక మూల దాక్కుని, గోడ దిగి, విజయనగరం దండులోంచే నడిచి పొదల్లోకి వెళ్ళారు. భాష ఒకటే కనక ఎవరూ అనుమానించలేదు. హడావిడి సద్దుమణిగేదాకా రెండు రోజులు కాచుకున్నారు. తర్వాత ఇద్దరు బయల్దేరారు. అడిగినవాళ్ళకి మళ్ళీ ఆ భాషతోనే సమాధానం చెప్పి, డేరా వెనక నుంచి నేల మీద పాకుతూ దూరారు. విజయరామరాజు బాగా భారీ మనిషి, ఒకరు పట్టుకుంటే గానీ లేవలేనంత. ఒంటరిగా నిద్రపోతున్నాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఒక్కసారే గుండెలో పొడిచారు. కావలివాళ్ళు వచ్చి వాళ్ళని అక్కడే చంపేశారు. మిగిలిన ఇద్దరు అడవిలో కాచుకుని ఉన్నారు, వీళ్ళ పని తప్పితే వాళ్ళు రావాలని ఒట్టు.

మా ఊరి కథలో ఇది ఇలా లేదు. పాపారాయుడు వచ్చాడు, పెద్దన్న, వెంకయ్య తోడొచ్చారు. నిద్రపోయేవాణ్ణి పొడవడం వెలమ పౌరుషం కాదని లేపి మరీ పొడిచాడు. 1964 సినిమా, 1986లో దాసరి నారాయణరావు తీసిన ‘తాండ్ర పాపారాయుడు’, రెండూ పాపారాయుడి దారినే నడిచాయి. రెండో దాంట్లో కృష్ణంరాజు. అదీ నేను ఆడించాను. టైటిల్ పడగానే పేపరు ముక్కలు తెర దాకా ఎగిరేవి. కొట్టినవాడి పేరే సినిమా పేరైపోయింది. పాడైన కోట పేరు కూడా వెనక్కి పోయింది.

అయితే ఇది సినిమావాళ్ళు పుట్టించిన తప్పు కాదు. ఇది చెప్పకపోతే నేను వాళ్ళకి అన్యాయం చేసినవాణ్ణవుతాను. పెద్దాడ మల్లేశం పేరుతో నడిచే జంగం కథ ఉంది. దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రం’ ఉంది, అది 18వ శతాబ్దం చివరిది. ఆ తర్వాత వేదం వేంకటరాయశాస్త్రి గారి నాటకం. నాజర్ బుర్రకథ ఊరూరా మోగింది. మల్లంపల్లి సోమశేఖరశర్మ గారు ఆ పాత కథని 1956లో పరిష్కరించి అచ్చువేశారు. సినిమా వీటన్నిటి చివర వచ్చిన బిడ్డ. కెమెరా పుట్టకముందే జనం ఆ డేరాలోకి పాపయ్యని పంపించేశారు.

ఎందుకు పంపించారని చాన్నాళ్ళు ఆలోచించాను. పేరులేని ఇద్దరు సిపాయిలు పాకుతూ వెళ్ళి, నిద్రలో ఉన్న మనిషిని పొడిచారంటే ఏడుపు తీరదు. సమయానికి రాలేకపోయిన బావమరిది వచ్చి, లేపి, కళ్ళలోకి చూసి పొడిస్తే తీరుతుంది. రాజాంలో ఆగిపోయినవాడి బాధని కూడా కథ అలా తీర్చింది. ఇది నాకు అర్థమవుతుంది. హాల్లో ఆ సీనుకి ఏడ్చిన మొహాలు వేలల్లో చూసినవాణ్ణి. ఆర్మ్ చెప్పింది వేదమనీ అనను. ఆయన దూరాన ఉండి, ఫ్రెంచివాళ్ళ నుంచి వచ్చిన మాటలు పట్టుకుని రాశాడు. నలుగురి పేర్లు అడగాలని ఆయనకి తోచలేదు.

మావగారిది విజయనగరం. అల్లుణ్ణి చూడ్డానికి వచ్చి, మొహమాటానికి సినిమాకొచ్చి, రాజనాల గారు విజయరామరాజుగా తెర మీదకి రాగానే జనం కేకలు వింటూ కదలకుండా కూర్చునేవారు. ఇంటికొచ్చాక “మా రాజు పద్మనాభంలో ఇంగ్లీషోళ్ళ తుపాకులకి ఎదురెళ్ళి పోయాడు, అది తీయరేం బాబూ సినిమా?” అన్నారు. ఆయన చెప్పింది నిజం, కానీ రాజు వేరు. డేరాలో పోయింది పెద విజయరామరాజు. పద్మనాభం దగ్గర 1794 జూలై 10న పోయింది ఆ ఇంటి చిన విజయరామరాజు. పేరొకటే కావడంతో ఇద్దర్నీ కలిపేసేవాళ్ళు మా బొబ్బిలిలో ఎక్కువ, ఆయన ఊళ్ళోనూ తక్కువేం కాదు. చంపించినవాడూ చచ్చినవాడూ ఒకడే అయిపోతున్నాడు. మావగారికి ఆ రెండు ఏళ్ళూ కాగితం మీద రాసిచ్చాను. పోయేదాకా చొక్కా జేబులో పెట్టుకున్నారు.

సినిమా చరిత్ర చెప్పినప్పుడు తప్పులు రావడం ఎక్కడైనా ఉన్నదే. ‘బ్రేవ్‌హార్ట్’లో స్టిర్లింగ్ వంతెన యుద్ధాన్ని వంతెనే లేకుండా తీశారు, 1297లో స్కాట్లాండ్ వాళ్ళని గెలిపించింది ఆ ఇరుకు వంతెనే అయినా. మన ‘ఆర్ఆర్ఆర్’లో అల్లూరి, కొమురం భీం చెట్టాపట్టాలేసుకున్నారు. అల్లూరి 1924లో పోయారు, భీం 1940లో, కలుసుకున్న దాఖలా లేదు. అది కల్పనేనని తీసినవాళ్ళే చెప్పారు కనక నాకు పేచీ లేదు. నా పేచీ వేరే. తప్పు చెప్పడం కంటే పేరు జారవిడవడం నాకు పెద్దదిగా అనిపిస్తుంది. తప్పు చెబితే ఎవరో ఒకరు నేల టికెట్లోంచి అరుస్తారు. జారిపోయిన పేరు కోసం అరిచేవాడు ఉండడు. ఒక ముసలాయన మెట్లెక్కి వచ్చి అడిగాడు, అంతే.

పాత కోట ఉన్న చోట మహారాజా వెంకట శ్వేతాచలపతి రంగారావు గారు 1891లో యుద్ధ స్తంభం నిలబెట్టించారు. పండగకి వచ్చిన మనవళ్ళని అక్కడికి తీసుకెళ్తాను. మట్టి ఒక గుప్పెడు తీసి వాళ్ళ చేతిలో పోసి, గోడ ఇదిరా అని చెబుతాను.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. రీలు అయిపోయే ముందు తెర కుడివైపు పైమూల ఒక చుక్క మెరుస్తుంది. అది చూసి రెండో మెషిను మోటారు వేసుకోవాలి. కొన్ని క్షణాలకి రెండో చుక్క. అది పడగానే మార్చేయాలి. చూసేవాళ్ళకి అవి కనపడవు, కనపడినా ఫిల్ము మీద గీత అనుకుంటారు. మా దగ్గరికి తరచుగా వచ్చే ప్రింటులో డేరా సీను అవుతూ ఉండగానే రీలు అయిపోయేది. ఎస్వీ రంగారావు కత్తి ఎత్తి నిలబడతారు, హాలంతా లేచి నిలబడుతుంది. ఆ మూల మొదటి చుక్క పడుతుంది. పెద్దన్న, అనుకుని మోటారు వేసేవాణ్ణి. రెండో చుక్క. వెంకయ్య.